మసాయి పూసల రంగులు: చదవడం, కూర్చడం ఎలా? ఒక సమగ్ర మార్గదర్శి

ఎరుపు అంటే ధైర్యం, తెలుపు అంటే స్వచ్ఛత, నీలం అంటే ఆకాశం. తూర్పు ఆఫ్రికాలో పశువులు మేపుకుని బతికే మసాయిల పూసల గురించి ఎక్కడ వెతికినా ముందుగా దొరికేది ఈ పట్టికే. నేనూ మొదట్లో దాన్ని ఒక కాగితం మీద రాసుకుని పూసల డబ్బా మూతకు అంటించుకున్నాను. పట్టికలో తప్పేమీ లేదు. కానీ దాన్ని పట్టుకుని మసాయిల మెడలో ఉండే నిజమైన నగను, అంటే కంటెను, ముందు పెట్టుకుని కూర్చుంటే రెండు నిమిషాల్లో ఆగిపోతాం. ఇన్ని నారింజ పూసల మధ్య రెండే రెండు నీలం పూసలు ఎందుకున్నాయి? ఎరుపు అయిపోయిన ప్రతిచోటా సన్నటి తెల్ల గీత ఎందుకు? అక్షరాలు వచ్చినంత మాత్రాన చదవడం వచ్చినట్టు కాదు కదా, గుణింతాలు, ఒత్తులు పట్టుబడాలి. రంగుల సంగతీ అంతే.

అందుకే ఈ వ్యాసంలో పట్టికను మధ్యలో పెట్టాను. దానికి ముందు ఆ రంగులు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియాలి. తర్వాత అవి ఒకదాని పక్కన ఒకటి ఎలా కూర్చుంటాయో చూడాలి. చివర్లో మీ చేత్తో మీరే ఒక ఏడు పేటల కడియం గుచ్చుకునే పద్ధతి ఉంది. గుచ్చడం మీద ఆసక్తి లేకపోయినా ఆ భాగం చదవండి. చేతులతో చేసినప్పుడు అర్థమయ్యే విషయాలు కొన్ని అందులోనే ఉన్నాయి.

మొదటి అడుగు: పూసను పక్కన పెట్టి ఆవును చూడండి

మసాయిలు కెన్యా దక్షిణ భాగంలో, టాంజానియా ఉత్తర భాగంలో ఉండే పశుపాలకులు. కెన్యాలో నారోక్, కజియాడో ప్రాంతాలు, టాంజానియాలో అరూషా, న్గోరోంగోరో చుట్టుపక్కల మైదానాలు వాళ్ల నేల. వాళ్ల భాష పేరు 'మా'. వాళ్ల దేవుడు ఎంకాయ్. ఎంకాయ్ అనే మాటకు దేవుడు అనే కాక ఆకాశం, వాన అనే అర్థాలు కూడా ఉన్నాయి. ఆ ఎంకాయే ఆకాశం నుంచి పశువులను కిందికి దింపి తమకు అప్పగించాడని వాళ్లు కథలుగా చెప్పుకుంటారు. పాలు తాగేది, పెళ్లికి ఇచ్చేది, తగవు తీర్చుకునేది, అతిథికి కోసేది అంతా పశువుల చుట్టూనే. పశువును చంపకుండా మెడ నరం దగ్గర చిన్న బాణంతో గుచ్చి, కొంచెం రక్తం తీసి పాలలో కలుపుకుని తాగడం కూడా వాళ్ల పాత అలవాటు.

పశువులతో ఇంత దగ్గరగా బతికే మనుషుల కంటికి రంగు అంటే ముందు ఆవు ఒంటి మీది రంగే. ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. మన ఊళ్లలో పశువులున్న ఇళ్లలో కర్రావు, బొల్లావు, పుల్లెద్దు, మైలెద్దు, కపిల అని ఒక్కో పశువుకీ ఒంటి రంగును బట్టే పేరు ఉండేది. "ఆ తెల్లమచ్చ ఉన్న నల్ల ఆవు" అని సాగదీసి చెప్పే పనే ఉండేది కాదు. మసాయిల 'మా' భాషలో కూడా పశువుల ఒంటి రంగులకు, మచ్చలకు, చారలకు విడివిడిగా చాలా మాటలున్నాయి. ఆ కళ్లతోనే ఆడవాళ్లు పూసలను చూస్తారు.

కాబట్టి ఏ రంగు కనిపించినా మీరు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ఒకటే: ఈ రంగు ఆవు బతుకులో ఎక్కడుంది? గడ్డిలోనా, పాలలోనా, రక్తంలోనా, వానమబ్బులోనా? ఈ ప్రశ్న అలవాటైతే పట్టికను బట్టీ పట్టక్కర్లేదు.

రెండో అడుగు: రంగులు ఒక్కొక్కటిగా

ఎరుపుతో మొదలుపెడదాం, ఎందుకంటే దూరం నుంచి మసాయిని గుర్తుపట్టేదే ఆ రంగుతో. ఒంటికి చుట్టుకునే షూకా ఎరుపు. మొరాన్లు, అంటే యుద్ధవీరుల వయసులో ఉన్న యువకులు, జుట్టుకూ ఒంటికీ పూసుకునేది కొవ్వులో కలిపిన ఎర్రమట్టి. ఎరుపు రక్తం రంగు, అందుకే ధైర్యం అని చెబుతారు. నిజమే కానీ అక్కడితో ఆగిపోతే సగమే తెలిసినట్టు. ఆ రక్తం ముందు ఆవుది. పదిమంది కలిసినప్పుడు, పండగ జరిగినప్పుడు పశువును కోస్తారు, అందరూ పంచుకుంటారు. అందుకే ఎరుపుకు కలిసి ఉండటం అనే అర్థం కూడా వచ్చింది. అయితే ఎరుపులో భయమూ ఉంది. ఎంకాయ్‌కి రెండు ముఖాలు. ఎంకాయ్ నాన్యోకియె అంటే ఎర్ర దేవుడు, కోపగించి కరువు తెచ్చేవాడు. ఒకే రంగులో విందూ ఉంది, ఎండిపోయిన నేలా ఉంది.

దాని ఎదురుగా నిలిచే రెండో ముఖం ఎంకాయ్ నారోక్, నల్ల దేవుడు. ఈయనే దయగలవాడు. నల్ల దేవుడు దయగలవాడు ఎలా అయ్యాడో అర్థం కావాలంటే ఒక్కసారి మే నెలాఖరున మన రాయలసీమలో ఆకాశం వైపు చూసే రైతును తలుచుకోండి. నల్లటి మబ్బు కనిపిస్తే ఆ మనిషికి వచ్చేది భయం కాదు, ప్రాణం లేచొస్తుంది. నలుపు అంటే వాన, వాన అంటే గడ్డి, గడ్డి అంటే పశువు. పటం మీద కనిపించే నారోక్ అనే ఊరి పేరు కూడా ఈ మాటే.

పట్టికల్లో మాత్రం నలుపు అంటే ప్రజలు, వాళ్లు పడే కష్టాలు అని ఉంటుంది. ఈ అర్థం కూడా మసాయిల నోటి నుంచే వింటాం. కెన్యా జాతీయ జెండాలో కూడా నలుపు ప్రజలకు, ఎరుపు స్వాతంత్ర్యం కోసం చిందిన రక్తానికి, ఆకుపచ్చ నేలకు, తెలుపు శాంతికి గుర్తులు. 1963లో ఎగిరిన ఆ జెండా మధ్యలో ఉన్నది మసాయి డాలు. ఈ రెండు వివరణలూ ఒకదానికొకటి బలం ఇచ్చుకున్నాయని నాకనిపిస్తుంది. ఏది ముందు, ఏది తర్వాత అని తేల్చే కన్నా, ఒక రంగుకు రెండు మూడు పొరలు ఉంటాయని ఒప్పుకోవడం మంచిది. సున్తీ అయిన కుర్రవాళ్లు కొన్ని నెలలపాటు నల్లబట్టలే కట్టుకుంటారు. అది దుఃఖానికి గుర్తు అనుకుంటే పొరపాటు. బాల్యం అయిపోయి, మరో దశలోకి ఇంకా అడుగుపెట్టని నడిమధ్య కాలం అది.

తెలుగువాళ్లకు దీన్ని విప్పి చెప్పాల్సిన పని లేదు నిజానికి. శుభకార్యానికి నల్లచీర వద్దంటాం, కానీ ముత్తయిదువ మెడలో ముందుగా ఉండాల్సినవి నల్లపూసలే అంటాం. ఒకే రంగు బట్టలో ఒకలా, పూసలో ఒకలా పలకడం మనకు తెలుసు.

తెలుపు అంటే పాలు. ఇంతకు మించి చెప్పక్కర్లేదు కానీ ఆ పాలు వాళ్లకు తిండి మాత్రమే కాదు, ఆశీర్వాదం కూడా. శుభకార్యాల్లో పాలు చిలకరించి దీవిస్తారు. అందుకే తెలుపుకు స్వచ్ఛత, ఆరోగ్యం, శాంతి అన్న అర్థాలు అతుక్కున్నాయి. కిలిమంజారో మంచుశిఖరాన్ని వాళ్లు ఓల్దోయిన్యో ఓయిబోర్ అంటారు, అంటే తెల్లకొండ.

నీలం ఆకాశం. ఎంకాయ్ అంటే ఆకాశం, వాన కూడా అని పైన చెప్పాను కదా, ఆ లెక్కన నీలం కూడా నీటి రంగే. ఎర్రటి ఎండలో పశువుకు నీళ్లిచ్చేది పైనుంచే రావాలి.

ఆకుపచ్చ గురించి కొంచెం ఆగి చెప్పాలి. మనకు ఆకుపచ్చ అంటే పంట. మసాయికి ఆకుపచ్చ అంటే గడ్డి. ఈ తేడా చిన్నది కాదు. గుప్పెడు గడ్డి పీకి చేతిలో పట్టుకుని ఎదురొస్తే "నేను గొడవకు రాలేదు" అని చెప్పినట్టు. దీవెనల్లో పాలతో పాటు గడ్డి కూడా ఉంటుంది. పశువును బతికించేది కాబట్టి గడ్డికి అంత మర్యాద. పూసల్లో ఆకుపచ్చ కనిపిస్తే ఆరోగ్యం, నేల అని అర్థం చెబుతారు. నేనైతే దాని వెనక ఆ గుప్పెడు గడ్డిని చూస్తాను.

నారింజ రంగుకు ఆతిథ్యం, స్నేహం అని అర్థం చెబుతారు. వచ్చినవాళ్లకు పాలు పోసి ఇచ్చే సొరకాయ బుర్ర రంగు అది. పసుపుకు సూర్యుడు, సంతానం, పెరుగుదల అని చెబుతారు. ఇది కూడా ఎండా వానా కలిసి గడ్డి మొలిచే లెక్కలోదే.

మూడో అడుగు: పూస ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోండి

ఈ అడుగు దాటేస్తే ఒక పెద్ద పొరపాటు చేస్తాం. ఈ రంగుల అర్థాలన్నీ వేల ఏళ్లుగా ఇలాగే ఉన్నాయనుకుంటాం. గాజుపూసలు రాకముందు మసాయిలు వాడినవి విత్తనాలు, ఎముకలు, గవ్వలు, చెక్క, మట్టి, ఇనుప తీగ, రాగి, ఇత్తడి. గాజుపూసలు పెద్ద ఎత్తున ఈ మైదానాల్లోకి వచ్చింది పందొమ్మిదో శతాబ్దంలో, తీరం నుంచి లోపలికి నడిచే వర్తకుల బిడారులతో. 1883–84లో మసాయి దేశం గుండా నడిచిన స్కాట్లాండ్ అన్వేషకుడు జోసెఫ్ థామ్సన్ కూడా తన సామానులో పూసలు, లోహపు తీగ మోయించుకుని వెళ్లాడు. దారిలో చెల్లుబాటయ్యే డబ్బు అదే. ఏ ప్రాంతంలో ఏ రంగు పూస నడుస్తుందో తెలియకపోతే మూటలు మూటలుగా మోసుకెళ్లినా ఎవరూ తీసుకునేవారు కాదు. అంటే మొదటి రోజు నుంచీ ఎంపిక చేసింది అక్కడి ఆడవాళ్లే. యూరప్ పంపినదాన్ని వాళ్లు కళ్లు మూసుకుని మెడలో వేసుకోలేదు.

ఆ పూసలు వెనిస్ నుంచి, బొహీమియా నుంచి వచ్చేవి. బొహీమియా అంటే నేటి చెక్ దేశం. ఇప్పటికీ మసాయి ఆడవాళ్లు మెచ్చే సన్న గాజుపూసలు చాలావరకు చెక్ దేశంలో తయారైనవే. లోపలి ఊళ్లలో పూసలు, తీగ, బట్ట అమ్మే చిన్న దుకాణాలు తర్వాతి కాలంలో చాలావరకు భారతీయులవి, ముఖ్యంగా గుజరాతీలవి.

ఇక్కడ మనకు సంబంధించిన ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. యూరప్ పూసల కన్నా చాలా ముందే దక్షిణ భారతంలో తయారైన సన్న గాజుపూసలు సముద్రం దాటి తూర్పు ఆఫ్రికా తీరానికి చేరాయి. అక్కడి పాత రేవుల తవ్వకాల్లో అవి దొరికాయి. కరిగిన గాజును పొడవైన గొట్టంగా సాగదీసి, ముక్కలు కోసి, మళ్లీ వేడిచేసి అంచులు గుండ్రంగా చేసే ఆ పాత పద్ధతి మన తిరుపతి జిల్లా పాపానాయుడుపేటలో మొన్నమొన్నటిదాకా బతికుంది. పూసల చరిత్ర చదివే విదేశీయులు ఆ ఊరి పేరు చెబితే గుర్తుపడతారు, మనలో చాలామందికి తెలియదు. మసాయిల మెడలో ఉన్నది ఆ ఊరి పూస అని నేను అనడం లేదు. కానీ సన్న గాజుపూసను చేతిలోకి తీసుకున్నప్పుడు, హిందూ మహాసముద్రానికి రెండు ఒడ్డులూ అందులో ఉన్నాయని గుర్తుంచుకోండి.

ఇంతకూ ఈ చరిత్ర వల్ల మనకు తెలిసేదేమిటంటే, పాలు, రక్తం, గడ్డి, వాన అనే భావాలు పాతవి, వాటిని మోసే పూసలు కొత్తవి. అంగట్లో కొత్త రంగు వచ్చినప్పుడల్లా ఆ పాత భావాల పక్కన దానికీ ఒక చోటు చూపించారు.

నాలుగో అడుగు: కూర్పును చదవండి

ఇప్పుడు పట్టిక దాటి ముందుకు వెళ్దాం. ఒక మసాయి కంటెనో కడియాన్నో ఫోటోలో తీసుకుని ఈ వరుసలో చూడండి.

ముందు కళ్లు సగం మూసి చూడండి. ఏ రంగు పొలంలా పరుచుకుని ఉందో అది తెలుస్తుంది. మసాయి పనితనంలో సాధారణంగా ఒక రంగు వెడల్పాటి పట్టీగా ఉంటుంది. తర్వాత కళ్లు తెరిచి, ఆ పట్టీని ఏది కోస్తోందో వెతకండి. నిండుగా ఉన్న రంగును అడ్డంగా తెంచే చిన్న ముక్క ఒకటి ఉంటుంది, అది బాగా ఎదురు రంగులో ఉంటుంది. నల్ల ఆవు నడుం మీద తెల్లటి పట్టా ఉన్నట్టు. ఆ కోత లేకపోతే పని చప్పగా ఉన్నట్టే. ఒకే రంగు ఎడతెరిపి లేకుండా వెళ్లిపోవడం వాళ్లకు నచ్చదు.

ఆ తర్వాత జతలు చూడండి. ఎరుపు పక్కన ఆకుపచ్చ, నారింజ పక్కన నీలం రావడం మీకు మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. తెలుపు, నలుపు వాటి మధ్య సరిహద్దులుగా నిలుస్తాయి. చిత్రకళ నేర్చుకున్నవాళ్లు ఈ జతలను చూసి ఆశ్చర్యపోతారు. రంగుల చక్రంలో ఎదురెదురుగా ఉండేవి సరిగ్గా ఇవే.

ఇక్కడ అర్థం, అందం కలిసిపోతాయి. ఎరుపు పక్కన ఆకుపచ్చ పెట్టిన ఆవిడను "ఎందుకలా పెట్టావు?" అని అడిగితే "రక్తం, గడ్డి" అని చెప్పొచ్చు, "అలా అయితేనే బాగుంటుంది" అని కూడా చెప్పొచ్చు. రెండూ నిజమే. మన ఆడవాళ్లు ముగ్గు మధ్యలో పసుపు, కుంకుమ వేస్తారు. అది శుభమని వేశారా, అందంగా ఉంటుందని వేశారా అంటే విడదీసి చెప్పగలమా? ప్రతి పూసకూ ఒక రహస్య సందేశం ఉందని నమ్మించే రాతలను నేను ఒప్పుకోను. ఆ ఆడవాళ్ల కంటికి, చేతికి ఉన్న విలువను అవి తగ్గిస్తాయి.

అయిదో అడుగు: ఎవరి ఒంటి మీద ఉందో చూడండి

పూసలు గుచ్చేది ఆడవాళ్లే. పాలు పిండి, ఇల్లు చక్కబెట్టుకున్నాక చెట్టు నీడన నలుగురు కూర్చుని గుచ్చుకుంటారు. ఆడపిల్లలు తల్లుల పక్కన కూర్చుని నేర్చుకుంటారు. మొరాన్ల ఒంటి మీద కనిపించే పూసలు కూడా తల్లో, స్నేహితురాలో గుచ్చి ఇచ్చినవే.

పెళ్లికాని అమ్మాయిలు వేసుకునే వెడల్పాటి పళ్లెం లాంటి కంటెలు నాట్యంలో భుజాలు కదిలినప్పుడు లేచి పడతాయి. అవి అలా ఎగరడానికే ఆ ఆకారం. ఫోటోలో చూసి దాని అందం తేల్చకండి, కదులుతుండగా చూడాలి. పెళ్లికూతురి మెడలో ఆ బరువు ఇంకా పెరుగుతుంది. సురుతియా అనే చుట్టలు చుట్టిన ఇత్తడి నగ తల్లి హోదాను తెలిపేది. అందులో పూస రంగు కన్నా లోహానికే మాట ఎక్కువ.

మొరాన్లలో ఒక్కో వయోవర్గానికి, అంటే కలిసి దీక్ష పొందిన తరానికి, తమవంటూ కొన్ని రంగుల కూర్పులు ఉంటాయి. తర్వాతి తరం వచ్చాక కూర్పు మారుతుంది. కిసోంగో, పుర్కో, లోయితా వంటి ఒక్కో శాఖకూ తన పద్ధతి ఉంది. ఎనిమిది మైళ్లకు యాస మారినట్టన్నమాట. అందుకే "మసాయి రంగుల అర్థం" అని ఒకే మాటగా ఎవరైనా చెబితే, "ఏ శాఖ, ఏ తరం, ఎవరి ఒంటి మీద?" అని మనసులోనైనా అడగండి.

ఈ నగలన్నీ నిండుగా కనిపించేది దీక్షా సంబరాల్లో. మొరాన్ల తలలను తల్లులు గుండు చేసే యునోటో అందులో ఒకటి. ఎంకిపాటా, యునోటో, ఓల్ంగెషెర్ అనే మూడు సంబరాలను 2018లో యునెస్కో, వెంటనే కాపాడుకోవాల్సిన వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది.

ఆరో అడుగు: ఏడు పేటల కడియం గుచ్చుదాం

ఇది మసాయి కూర్పు పద్ధతిని చేతికి నేర్పడానికి నేను పెట్టుకున్న పాఠం. వాళ్ల సంప్రదాయ నమూనాకు నకలు కాదు. మణికట్టు చుట్టుకొలత 15 సెంటీమీటర్లు ఉన్నవాళ్లకు ఈ లెక్క సరిపోతుంది.

కావలసినవి చెబుతాను. 8 నంబర్ గాజు సీడ్ బీడ్స్, అంటే సన్న గాజుపూసలు తీసుకోండి, ఒక్కో పూస దాదాపు 3 మిల్లీమీటర్ల లావు ఉంటుంది. ఎరుపు 10 గ్రాములు, నారింజ 5 గ్రాములు, తెలుపు, ఆకుపచ్చ, ముదురు నీలం మూడేసి గ్రాములు చాలు, ఇంకా మిగులుతాయి. ప్లాస్టిక్ పూసలు వద్దు. అవి తేలిక, పట్టుకుంటే చల్లదనం ఉండదు, కడియం ఒంటికి ఆనుకోదు. సన్నటి నైలాన్ గాలం దారం ఒకటిన్నర మీటరు ముక్కలు రెండు, బొత్తాం కుట్టడానికి ఇంకో చిన్న ముక్క. చెప్పులు కుట్టేవారి దగ్గర దొరికే 2 మిల్లీమీటర్ల మందం తోలు ముక్క. ఒక బొత్తాం.

తోలును రెండున్నర సెంటీమీటర్ల పొడవు, అర సెంటీమీటరు వెడల్పు ఉన్న నాలుగు పట్టీలుగా కోయండి. ఒక్కోదానిలో 3 మిల్లీమీటర్ల ఎడంతో ఏడు రంధ్రాలు పెట్టండి. ఆరెతో పెడితే శుభ్రంగా వస్తాయి. నాలుగు పట్టీలనూ ఒకదానిమీద ఒకటి పెట్టి ముందు గుర్తులు పెట్టుకోండి, లేకపోతే పేటలు వంకర పోతాయి. మసాయి ఆడవాళ్లు ఈ పట్టీలకు తోలు వాడతారు, పాత ప్లాస్టిక్ డబ్బాలు కోసి కూడా వాడతారు. పేటలు ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా ఆపేది ఇవే.

ఇప్పుడు లెక్క. ఒక పేటలో మూడు గళ్లు, ఒక్కో గడికి 24 పూసలు. మొదటి గడి: 10 ఎరుపు, 1 తెలుపు, 2 ఆకుపచ్చ, 1 తెలుపు, 10 ఎరుపు. రెండో గడి: 10 నారింజ, 1 తెలుపు, 2 నీలం, 1 తెలుపు, 10 నారింజ. మూడో గడి మొదటిదానిలాగే. పేటకు 72 పూసలు, ఏడు పేటలకు 504.

దారం కొసన ముడి వేసి, మొదటి పట్టీ మొదటి రంధ్రం గుండా లోపలికి తీయండి. గాలం దారం గట్టిగా ఉంటుంది కాబట్టి సూది అక్కర్లేదు. మొదటి గడి గుచ్చి రెండో పట్టీ గుండా, రెండో గడి గుచ్చి మూడో పట్టీ గుండా, మూడో గడి గుచ్చి చివరి పట్టీ గుండా బయటికి రండి. అదే పట్టీలో పక్క రంధ్రం గుండా దారాన్ని వెనక్కి తిప్పి రెండో పేట మొదలుపెట్టండి. అటునుంచి చదివినా ఇటునుంచి చదివినా కూర్పు ఒకటే కాబట్టి వెనక్కి వచ్చేటప్పుడు లెక్క మార్చుకునే పని లేదు. ఇలా ఏడు పేటలూ ఒకే దారంతో అయిపోతాయి. చివర ముడి వేశాక రెండో దారాన్ని మళ్లీ అన్ని పూసల గుండా నడిపించండి. ఒక దారం తెగినా పూసలు రాలిపోవు.

నా మొదటి కడియం పాడైంది బిగువు దగ్గరే. పూసల మధ్య సందు కనిపించకూడదని ప్రతి పేటనూ లాగి లాగి బిగించాను. బల్ల మీద పెడితే ఎండిన ఆకులా మెలితిరిగిపోయింది. మొత్తం విప్పి మళ్లీ గుచ్చాల్సి వచ్చింది. పేటకు అర పూస అంత వదులు ఉంచండి. చేతికి చుట్టినప్పుడు ఆ వదులు దానంతట అదే సర్దుకుంటుంది.

కొత్త దారంతో ఒక చివర పట్టీలో మూడో, అయిదో రంధ్రాల మధ్య బొత్తాం కుట్టండి. రెండో చివర అవే రంధ్రాల నుంచి ఉచ్చు తీయండి. మణికట్టు లావైతే నాలుగు ఎరుపు ముక్కల్లోనూ ఒక్కో పూస పెంచండి, కడియం దాదాపు 8 మిల్లీమీటర్లు పెరుగుతుంది, కూర్పు చెడదు.

గుచ్చేటప్పుడు ఒక ప్రయోగం చేయండి. మొదటి పేటలో తెల్ల పూసలు తీసేసి ఎరుపు పక్కన నేరుగా ఆకుపచ్చ పెట్టి, రెండు మీటర్ల దూరం నుంచి చూడండి. ఆకుపచ్చ మసకబారి ఎరుపులో మునిగిపోతుంది. మళ్లీ తెలుపు పెట్టండి, గడ్డి పరక పైకి లేచినట్టు ఆకుపచ్చ బయటికి వస్తుంది. తెలుపు అంటే పాలు అని నేను ముందే చదివాను. రక్తానికీ గడ్డికీ మధ్యలో పాలు ఉండాలని నా కంటికి తెలిసింది మాత్రం ఆ రోజే.

ఏడో అడుగు: కొనేటప్పుడు, ఇచ్చేటప్పుడు

మీరు గుచ్చిన కడియాన్ని ఎవరికైనా ఇస్తే "మసాయి పద్ధతి చూసి నేర్చుకుని చేశాను" అని చెప్పండి, "మసాయి నగ" అనకండి. అమ్మకానికైతే ఆ పేరు అసలు వాడకండి. మసాయి పేరు, వాళ్ల కూర్పులు వాడుకుని ప్రపంచంలో ఎన్నో కంపెనీలు సొమ్ము చేసుకున్నాయి, వాళ్లకు మాత్రం చాలావరకు దమ్మిడీ అందలేదు. ఆ హక్కు కోసం మసాయి మేధోసంపత్తి ఇనీషియేటివ్ అనే సంస్థ పెట్టుకుని పోరాడుతున్నారు. మన పోచంపల్లి నేతకు, కొండపల్లి బొమ్మకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు సంతోషించిన మనకు ఆ బాధ చెప్పకుండానే తెలియాలి.

నైరోబీ వెళ్లేవాళ్లు మసాయి మార్కెట్‌కు వెళ్తారు. అక్కడ అమ్మేవాళ్లంతా గుచ్చినవాళ్లు కారు. వీలైతే నారోక్, కజియాడో వైపు మహిళా సంఘాల దగ్గర కొనండి. కొనే ముందు వెనక్కి తిప్పి చూడండి. ముడులు దాచి ఉన్నాయా, పట్టీల రంధ్రాలు సమంగా ఉన్నాయా, గాజుపూసేనా అని. పూసను పంటికి తాకిస్తే గాజు చల్లగా, గట్టిగా తగులుతుంది. ధర తెగ బేరమాడకండి. ఏడు పేటల కడియం ఒకసారి మీ చేత్తో గుచ్చి ఉంటే ఆ పని ఎన్ని గంటలు పడుతుందో మీకే తెలుసు.

పర్యాటకుల కోసం చేసిన వాటిలో కొత్త రంగులు, ఇంగ్లిష్ పేర్లు, జెండా కూర్పులు ఉంటాయి. వాటిని నకిలీ అని తీసిపారేయకండి. గుచ్చింది ఆ చేతులే, ఆ డబ్బుతో పిల్లల ఫీజులు కడుతున్నది ఆ తల్లులే.

ఇంటికి తెచ్చాక తడి తగలనివ్వకండి, తోలు పట్టీ ఉబ్బి రంధ్రాలు సాగుతాయి. సెంటు, నూనె తగలకుండా మెత్తటి బట్టలో పడుకోబెట్టి దాచండి. వేలాడదీస్తే పేటలు జారతాయి. ఎప్పుడైనా దారం తెగితే పూసలన్నీ ఏరి డబ్బాలో పోసి పెట్టుకోండి. మసాయి ఇళ్లలో కూడా తెగిన నగను పారేయరు. తల్లి మెడలోంచి జారిన పూసలు కూతురి కంటెలో మళ్లీ ఎక్కుతాయి, ఈసారి ఆమెకు నచ్చిన వరుసలో.